జింకల పార్కుకి దాతలు కావాలి, దొరలు వద్దు: అటవీ శాఖకి, కంపెనీలకి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ శాఖ పెద్దసార్లకి, హైటెక్ సిటీ గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు) ఫైళ్లు చూసే మేడమ్‌లకి సార్లకి, నమస్తే.

నేను వనస్థలిపురం వాడిని. మా వైపు ఒక నేషనల్ పార్క్ ఉందంటే సిటీలో సగం మంది నమ్మరు, తెలిసినవాళ్లు కూడా జింకల పార్క్ అంటారు తప్ప మహావీర్ హరిణ వనస్థలి అని పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. తెలంగాణ మొత్తానికి నేషనల్ పార్కులు మూడు, మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి: జూబ్లీహిల్స్‌లో కేబీఆర్, చిలుకూరు దగ్గర మృగవని, మా హరిణ వనస్థలి. కేబీఆర్ సుమారు 390 ఎకరాలు, 1998లో నేషనల్ పార్క్ అయింది. మాది 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే 3,600 ఎకరాల పైనే, 1994లోనే నేషనల్ పార్క్. లెక్కేసుకుంటే కేబీఆర్ లాంటివి తొమ్మిది ఇందులో పడతాయి. కానీ పార్క్, పార్ట్‌నర్‌షిప్, ప్రైవేట్ సహకారం అని ఎవరు మాట్లాడినా మాట తిరిగి తిరిగి కేబీఆర్ గేటు దగ్గరే ఆగుతుంది. ఎందుకో మనందరికీ తెలుసు, అక్కడ పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లు వేరు, ఇక్కడ విజయవాడ హైవే మీద హారన్ కొట్టుకుంటూ పోయేవాళ్లు వేరు.

సరే అసలు విషయానికి వస్తా. పార్కుల్ని సర్కారు ఒక్కటే నడపలేదు, ప్రైవేట్ వాళ్లు కూడా చెయ్యి వెయ్యాలి అనే మాట కొన్నేళ్లుగా వింటూనే ఉన్నాం. ఈ మాట ఎత్తగానే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకళ్లు అయిపోయింది అమ్మేశారు అంటారు, ఇంకొకళ్లు గవర్నమెంట్ వాళ్ల చేత ఏం అవుతుంది బాస్ కంపెనీకి ఇస్తే అద్దంలా పెడతారు అంటారు. నాకు ఇద్దరి మీదా కోపమే. ఎందుకంటే అసలు ఏ పని ఇస్తున్నారు, ఎన్నాళ్లకి ఇస్తున్నారు, ఏది ఇవ్వకూడదు అని అడిగేవాడు ఇద్దరిలోనూ లేడు. నేను రాసేది ఆ ప్రశ్నల గురించే.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది నేషనల్ పార్క్ అంటే పెద్ద సైజు మున్సిపల్ పార్క్ అనుకుంటున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కుని కంట్రోల్ చేసేది, మేనేజ్ చేసేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. 33వ సెక్షన్‌లో శాంక్చురీలకి రాసిన ఈ మాటే 35వ సెక్షన్ ద్వారా నేషనల్ పార్కులకీ వర్తిస్తుంది. లోపల హోటల్, కమర్షియల్ లాడ్జి, జూ, సఫారీ పార్క్ లాంటివి కట్టాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ముందే ఒప్పుకోవాలి, 2022 సవరణ తర్వాత సర్కారు లాడ్జి అయినా కమర్షియల్‌గా నడిపితే అదే రూలు. లోపలికి ఎవరిని రానివ్వొచ్చు అని 28వ సెక్షన్‌లో ఒక లిస్టు ఉంది: వన్యప్రాణుల మీద స్టడీ, ఫోటోలు, రీసెర్చి, టూరిజం, అక్కడ ఉండేవాళ్లతో లావాదేవీలు. మార్నింగ్ వాక్ అనే ముక్క అందులో ఎక్కడా లేదు, మనవాళ్లకి చెబితే గుండె ఆగుతుంది! అంటే మన దేశంలో పార్కుని ఏ కంపెనీకో ఏ ట్రస్టుకో చేతులు కడిగేసుకుని అప్పజెప్పడం కుదరదు, వార్డెన్ బాధ్యత వార్డెన్‌దే. ప్రైవేట్ వాళ్లు వస్తే సాయానికి రావాలి. ఇది మీకు నేను చెప్పేదేం కాదు, మీకు కంఠతా వచ్చే ఉంటుంది, కానీ ఎంఓయూ (ఒప్పంద పత్రం) రాసేటప్పుడు పక్కన ఫోటోగ్రాఫర్ ఉంటే ఎవరికైనా కొన్ని సెక్షన్లు మర్చిపోయే చాన్స్ ఉంటుంది.

జనానికి అంత అనుమానం ఎందుకు అని మీకు అనిపించొచ్చు. ఈ ఊళ్లో నేల రేటు చూడండి సార్. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ రేటు పట్టుకుని కేబీఆర్ 390 ఎకరాలకి లెక్క వేస్తే 39 వేల కోట్లు. అది ఎవరూ అమ్మరు, అమ్మలేరు, నాకూ తెలుసు, కానీ అంత విలువ చేసే నేల పక్కన ఎవడు నిలబడి మేం ఫ్రీగా సేవ చేస్తాం అన్నా జనం ఒకటికి రెండుసార్లు చూస్తారు. ఇంకోటి, 2020లో కేబీఆర్ చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ (పార్క్ అంచు బయట కట్టడాలకి, పనులకి హద్దులు పెట్టే మేర) ఖరారు చేశారు, ఎంతో తెలుసా, 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల వరకు. మూడు మీటర్లు అంటే గోడ, ఫుట్‌పాత్, అంతే అయిపోయింది. 2016లో పార్క్ చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తారంటే జనం రోడ్డెక్కారు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో జేసీబీలు దిగితే ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపాల్సి వచ్చింది. ఇన్ని చూసినవాళ్లకి "భాగస్వామ్యం" అనే మాట చెవిన పడగానే చెయ్యి జేబు మీదకి పోతుంది. తప్పు వాళ్లది కాదు. కాబట్టి మీరు ఏ ఒప్పందం చేసుకున్నా ఈ అనుమానాన్ని కాగితం మీదే తీర్చాలి, ప్రెస్‌మీట్‌లో చెబితే తీరదు.

మన దగ్గర ఇప్పటికే దత్తత అనే పద్ధతి ఒకటి నడుస్తోంది కదా. 2020లో ప్రభాస్ దుండిగల్ వైపు ఖాజీపల్లి రిజర్వ్ ఫారెస్టు 1,650 ఎకరాలు దత్తత తీసుకుని 2 కోట్లు ఇచ్చాడు, 2022లో నాగార్జున చెంగిచెర్లలో 1,080 ఎకరాలకి 2 కోట్లు. ఇది నిజంగా మంచి పని, ఎవరు కాదంటారు. హీరో చేస్తే ఇంకో పదిమందికి ఐడియా వస్తుంది. పైగా అవి నేషనల్ పార్కులు కూడా కావు, రిజర్వ్ ఫారెస్టులో కొంత భాగం జనానికి పార్కులా చేసి మిగతాది అడవిగా వదిలే స్కీము. కానీ ఒక్కసారి భాగించి చూడండి, ఖాజీపల్లిలో ఎకరానికి 12 వేల చిల్లర పడింది, చెంగిచెర్లలో 18 వేల చిల్లర. ఆ డబ్బుతో ఫెన్సింగ్ వస్తుంది, గేటు వస్తుంది, వాకింగ్ ట్రాక్ వస్తుంది. ఐదేళ్ల తర్వాత ఆ ఫెన్సింగ్‌కి తుప్పు పడితే ఎవరు మారుస్తారు? దత్తత అంటే మన ఇళ్లల్లో అయితే జీవితాంతం, అడవి విషయానికి వచ్చేసరికి చెక్కు ఇచ్చిన రోజుతో సరి. నేను దాతల్ని అనట్లేదు, వాళ్లని అడిగినంత వాళ్లు ఇచ్చారు. అడిగే పద్ధతి మార్చండి అంటున్నా, అంతే. ఒకేసారి 2 కోట్లు అడిగే బదులు ఏడాదికి ఇంత అని పదేళ్లు అడగండి.

ఇప్పుడు నాకు బాగా మండే విషయం, మొక్కలు. కంపెనీలకి పర్యావరణం అంటే మొక్క, మొక్క అంటే ఫోటో. వానాకాలం రాగానే ఒక శనివారం బస్సులో టీషర్టులేసుకుని వస్తారు, గుంతలు అంతకుముందు రోజే ఎవరో తవ్వి పెట్టి ఉంటారు, వీళ్లు మొక్క పెట్టి మట్టి తోసి చెయ్యి ఊపుతారు. హరితహారం 2015లో మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు టార్గెట్ అని విని మనం కూడా చప్పట్లు కొట్టాం, రోడ్ల పక్కన నీడ వచ్చింది కూడా, కాదనను. కానీ మా హరిణ వనస్థలిలో అసలు ఉండాల్సింది ఏంటి? కృష్ణజింక. చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న లిస్టులోది. అది చెట్ల మధ్య దాక్కుని బతికేది కాదు. దాని బలం అంతా చూపు, పరుగు. దూరం నుంచే ఏది వస్తుందో కనిపించాలి, కనిపించగానే అడ్డం లేకుండా పరిగెత్తాలి. దానికి కావాల్సింది గడ్డి నేల, అక్కడక్కడా ఒక తుమ్మో రేగో. అలాంటి చోట మీరు లక్ష మొక్కలు పెట్టి అవి బతికాయనుకోండి, జింకకి మీరు మంచి చేసినట్టా చెడు చేసినట్టా? దక్కన్ గడ్డి నేలలకి ఉన్న అసలు బెడద చెట్లు లేకపోవడం కాదు సార్, సర్కారు తుమ్మ, లాంటానా లాంటి కలుపు కంప ఇష్టారాజ్యంగా పెరిగిపోయి గడ్డిని మింగేయడం. కానీ ఆ సర్కారు తుమ్మ వేళ్లతో సహా పీకే పనికి ఏ కంపెనీ అయినా బస్సులో జనాన్ని తోలుకొస్తుందా? ముళ్లు గుచ్చుకుంటాయి, టీషర్టు చిరుగుతుంది, ఫోటోలో ఖాళీ నేల కనిపిస్తుంది. పైగా చూసినవాళ్లు అడవి నరికేశారని గోల చేస్తారు. ఇక్కడే అటవీ శాఖ గట్టిగా నిలబడాలి. "మీ డబ్బులు కావాలి, మీ మొక్కలు వద్దు, ఈ 50 ఎకరాల్లో కంప తీయించండి, మూడేళ్లు మళ్లీ మొలవకుండా చూడండి, గడ్డి మేమే చూసుకుంటాం" అని మొహం మీద చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాత ఏది ఇస్తే అది తీసుకునే పరిస్థితి వస్తుంది, అప్పుడు పార్క్ మేనేజ్‌మెంట్ ప్లాన్ రాసేది వార్డెన్ కాదు, ఎవరో మార్కెటింగ్ మేనేజర్.

ఒకటి చెప్తా. సిటీ అంచున ఒక ఫారెస్టు బ్లాకులో, ఏదో చెప్పను, చెబితే ఆ మనిషి ఉద్యోగానికి ఇబ్బంది, ఇలాంటి మొక్కల ప్రోగ్రామ్ అయిపోయాక నేను ఉండిపోయా. బస్సులు వెళ్లిపోయాయి. బ్యానర్ ఒక కట్టె విరిగి వాలిపోయి ఉంది. వాచర్ ఒకాయన, యాభై ఏళ్లుంటాయేమో, బియ్యం సంచి ఒకటి పట్టుకుని నల్ల కవర్లు, నీళ్ల బాటిళ్లు, బిస్కెట్ కాగితాలు ఏరుతున్నాడు. కొన్ని మొక్కలు కవర్ తియ్యకుండానే గుంతలో దింపేశారు, అవి మళ్లీ పైకి తీసి కవర్ బ్లేడుతో కోసి మళ్లీ పెడుతున్నాడు. నేను కూడా కాసేపు ఏరా, ఏరుతూ ఏందన్నా ఇన్ని మొక్కలు బతుకుతాయా అంటే, "మొక్క పెట్టుడు ఒక్క పూట పని సార్, బతికిచ్చుడు మూడేండ్ల పని, ఎండాకాలం నీళ్లెవరు పోస్తరు, నేనొక్కణ్ణే ఉంట" అన్నాడు. ఔట్‌సోర్సింగ్ కింద పని చేస్తాడట, జీతం రెండు మూడు నెలలకి ఒకసారి కలిపి వస్తుందట. బండికి పెట్రోలు ఆయన జేబులోదే. ఏప్రిల్‌లో సాసర్ పిట్లు (జంతువులు నీళ్లు తాగే గుంతలు) నింపాలి, ట్యాంకర్ వచ్చేది ఒకచోటికే, అక్కడి నుంచి డబ్బాలతో మోసుకెళ్లాలి. మంట పాకకుండా ఫైర్ లైన్లు చెక్కాలి. రాత్రి ఎవడైనా తాగడానికి గోడ దూకితే వాణ్ణి బతిమాలి పంపాలి, ఎందుకంటే వీళ్లు ఒకళ్లు వాళ్లు ఆరుగురు. ఆ రోజు ఆ బ్యానర్‌కి, స్టేజీకి, సౌండ్ సిస్టమ్‌కి, బస్సులకి, టీషర్టులకి ఎంత అయి ఉంటుందో నాకు తెలీదు కానీ ఆయన జీతం కంటే తక్కువ అయితే మాత్రం కాదు.

అందుకే నా మొదటి డిమాండ్ ఇది. ప్రైవేట్ డబ్బు ఏది వచ్చినా మొదట పోవాల్సింది వాచర్ దగ్గరికి. జీతం నెలనెలా ఒకటో తారీఖుకి, బూట్లు, టార్చి, రెయిన్‌కోటు, పాము కరిస్తే ఆసుపత్రి ఖర్చు, బండికి పెట్రోలు. వీటికి డబ్బులివ్వడానికి కంపెనీలు ఒప్పుకోవు, బోర్డు ఎక్కడ పెట్టాలి అంటారు. పెట్టుకోండి, ట్యాంకర్ మీద పెట్టుకోండి కావాలంటే. గజీబో, సెల్ఫీ పాయింటు, ఓపెన్ జిమ్, రంగురంగుల జింక బొమ్మ, ఇవి ఆఖరున. అసలు నిజం జింక ఉన్న పార్కులో సిమెంటు జింక ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బయట దేశాల్లో ఎలా చేస్తున్నారు అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు మూడు చెప్తా. కేబీఆర్ లాంటి సిటీ పార్కుకి దగ్గర పోలిక న్యూయార్క్ సెంట్రల్ పార్క్, 843 ఎకరాలు. 1970ల్లో పాడుబడిపోయిన ఆ పార్కుని బాగు చేయడానికి 1980లో కన్జర్వెన్సీ అని ఒక ప్రైవేట్ లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు, చందాలు వసూలు చేస్తుంది, గడ్డి కోస్తుంది, తోటమాలులకి జీతాలిస్తుంది, ఇప్పుడు ఖర్చులో ఎక్కువ భాగం అదే తెస్తుంది. కానీ నేల సిటీదే, రూల్స్ పెట్టేది సిటీయే, 1998 నుంచి రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉంది. అది నేషనల్ పార్క్ కాదు, అడవి జంతువుల సంగతి అక్కడ లేదు, అయినా డబ్బు ఒకరిది హక్కు ఇంకొకరిది అనే ముక్క మాత్రం మనం ఎత్తుకొచ్చుకోవచ్చు.

దీనికి పూర్తి రివర్స్ కథ యోసెమిటీది. అమెరికాలో ఎంత పేరున్న నేషనల్ పార్కో చెప్పక్కర్లేదు. లోపల హోటళ్లు నడిపే కాంట్రాక్టు డెలావేర్ నార్త్ అనే కంపెనీ దగ్గర ఉండేది. 2015లో కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది. వెళ్లేవాళ్లు ఊరికే పోలేదు, అహ్వానీ హోటల్ లాంటి పాత పాత పేర్ల ట్రేడ్‌మార్కులు మావే, డబ్బులు కట్టండి అన్నారు. ప్రజల పార్కులో దశాబ్దాల నాటి హోటల్ పేరు కాంట్రాక్టర్ రిజిస్టర్ చేసుకున్నాడన్నమాట! 2016లో పార్క్ వాళ్లు బోర్డులన్నీ పీకి వేరే పేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది, కోర్టుల చుట్టూ తిరిగి 2019లో 1.2 కోట్ల డాలర్లకి సెటిల్ అయ్యాక పాత పేర్లు తిరిగొచ్చాయి. అంత పెద్ద లాయర్లున్న అమెరికా సర్కారుకే ఒప్పందంలో ఒక్క లైను సరిగ్గా లేకపోతే అంత తలనొప్పి. మనం అయితే ఇల్లు అద్దెకిచ్చి తాళంచెవితో పాటు పట్టా కాగితాలు కూడా చేతిలో పెట్టే రకం.

ఆఫ్రికాలో ఇంకో మోడల్ ఉంది, అక్కడ పార్కుల్ని ఏకంగా ఒక సంస్థకే అప్పజెబుతారు. 2000లో మొదలైన ఆఫ్రికన్ పార్క్స్ అనే సంస్థ చాలా దేశాల్లో ఇలా నడుపుతోంది. రువాండాలో అకగేరా అనే పార్క్ 2010 నుంచి ప్రభుత్వం, ఈ సంస్థ కలిసి పెట్టిన కంపెనీ చేతిలో ఉంది. 1994 మారణహోమం తర్వాత అక్కడ సింహాలు పూర్తిగా లేకుండా పోతే 2015లో మళ్లీ తెచ్చి వదిలారు, 2017లో ఖడ్గమృగాలు. చూస్తే అబ్బా అనిపిస్తుంది. కానీ అదే సంస్థ నడిపే కాంగోలోని ఓడ్జాలా పార్కులో గార్డులు అక్కడి బాకా గిరిజనుల్ని హింసించారని ఆరోపణలొచ్చాయి, కొన్ని ఘటనల్లో హక్కుల ఉల్లంఘన జరిగిందని 2025లో సంస్థే ఒప్పుకుంది. జంతువులు పెరగడం ఒక లెక్క, ఆ పార్కు అంచున బతికే మనిషికి న్యాయం ఇంకో లెక్క, ఒకటి బాగుంటే రెండోది కూడా బాగున్నట్టే అని అనుకోకూడదు. తుపాకీ, లాఠీ, జరిమానా రసీదు పుస్తకం, ఈ మూడూ సర్కారు ఉద్యోగి చేతిలోనే ఉండాలి అని నేను అనేది అందుకే. కనీసం ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసు ఉంటుంది, ఆర్టీఐ వేయడానికి ఒక అడ్రస్ ఉంటుంది.

అంత దూరం ఎందుకు, కేరళ పెరియార్ చూడండి. అడవిలో దొంగతనంగా దాల్చినచెక్క జాతి చెట్ల బెరడు ఒలిచేవాళ్లనే పిలిచి కేసులు పక్కనపెట్టి, టూరిస్టులకి గైడ్లుగా, అడవికి కాపలాగా పెట్టారు. అడవి దారులు వాళ్లకంటే ఎవరికి తెలుసు. టైగర్ రిజర్వులకి 2006 సవరణతో ఫౌండేషన్ పెట్టుకునే వీలు చట్టంలోనే వచ్చింది, గేటు దగ్గర వచ్చిన డబ్బు, దాతలిచ్చిన డబ్బు ఖజానాలో కలిసిపోకుండా ఆ అడవికే, చుట్టూ ఉన్న ఊళ్లకే ఖర్చు పెట్టొచ్చు. మన అమ్రాబాద్, కవ్వాల్ టైగర్ రిజర్వులే, అమ్రాబాద్‌లో చెంచులు వాచర్లుగా, గైడ్లుగా పని చేస్తున్నారు. భాగస్వామ్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. ప్రైవేట్ అంటే కంపెనీయే కానక్కర్లేదు కదా, చెంచు గూడెం కూడా ప్రైవేటే, మా కాలనీ సంఘం కూడా ప్రైవేటే. కానీ మన మూడు సిటీ పార్కుల్లో పులి లేదు, కాబట్టి ఆ చట్టం ఫౌండేషన్ వీటికి ఆటోమేటిక్‌గా రాదు. అయినా మూడింటికీ కలిపి అలాంటి ట్రస్టు ఒకటి రాష్ట్రమే పెట్టొచ్చు, చైర్మన్ కుర్చీలో అటవీ శాఖ ఆఫీసరే కూర్చోవచ్చు, మూడింటికీ కలిపి అని ఎందుకు అంటున్నా అంటే కేబీఆర్‌కి వచ్చే దాతల డబ్బులో కొంత మృగవనికి, హరిణ వనస్థలికి కూడా పారాలి. లేకపోతే కేబీఆర్‌లో టైల్స్ మీద టైల్స్ వేస్తూ పోతారు, మా దగ్గర గోడ కూలితే చెట్టుకొమ్మలు అడ్డం పెడతారు.

ఒప్పందంలో ఏం ఉండాలో నాకు తోచినవి చెప్తా, నేను లాయర్ని కాదు, తప్పులుంటే మీ లాయర్లు దిద్దుకోండి. ఒక్కో ఒప్పందం మూడేళ్లకి మించి రాయకండి, పని బాగుంటే మళ్లీ మళ్లీ రాసుకుంటూ నేను పైన అన్న పదేళ్లు నడపొచ్చు. పార్క్ పేరు ముందు గానీ వెనక గానీ కంపెనీ పేరు తగిలించకూడదు. పార్క్ లోపల ఇంచి నేల కూడా లీజు కింద, లైసెన్స్ కింద, ఇంకే కొత్త పేరు కింద గానీ పోకూడదు. గేటు టికెట్ రేటు పెంచే అధికారం, ఎవరిని రానివ్వాలి ఎవరిని ఆపాలి అనే అధికారం పార్ట్‌నర్‌కి ఉండకూడదు, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే రేపు మెంబర్‌షిప్ కార్డు ఉన్నవాళ్లకే పొద్దున ఆరింటి స్లాటు అంటే ఆటో నడిపేవాడు పిల్లల్ని తీసుకుని ఎప్పుడు రావాలి? రాత్రి ఈవెంట్లు, కార్పొరేట్ డిన్నర్లు, డ్రోన్ షూటింగులు, పెళ్లికి ముందు ఫోటోషూట్లు కుదరవని ముందే రాసి పెట్టండి, తర్వాత మొహమాటానికి పోవద్దు. ఏ చదరపు మీటరులో ఏ పని అనేది మ్యాపు మీద గీసి ఉండాలి. ఏడాదికోసారి బయటి వైల్డ్‌లైఫ్ నిపుణులు వచ్చి చూడాలి, చెట్లు ఎన్ని నాటారు అని కాదు, గడ్డి ఎంత తిరిగొచ్చింది, నీటి గుంతలు మే నెలలో నిండి ఉన్నాయా, కుక్కలు లోపలికి దూరే కంతలు ఎన్ని మూశారు, వాచర్లకి జీతం ఏ తేదీన పడింది, ఇవి చూడాలి. ఆ రిపోర్టు, ఒప్పందం రెండూ తెలుగులో ఉండాలి, ఉర్దూలో కూడా పెడితే ఇంకా మంచిది, గేటు దగ్గర బోర్డు మీద గత నెల వసూలెంత ఖర్చెంత అని సుద్దముక్కతో రాసినా చాలు, పెద్ద డిజిటల్ డిస్‌ప్లే అక్కర్లేదు.

కంపెనీల వాళ్లకి విడిగా ఒక మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్‌ఆర్ కింద పెట్టాలి, అందులో పర్యావరణం, జంతువులు, మొక్కల రక్షణ కూడా ఉన్నాయి, సంతోషం. అది మీరు దయతో వేసే దానం మాత్రం కాదు, చట్టం చెప్పిన ఖర్చు, కాబట్టి థ్యాంక్స్ చెప్పించుకునే ప్రోగ్రామ్ కొంచెం చిన్నగా పెట్టుకోండి. మీ దగ్గర డబ్బుతో పాటు ఇంకోటి ఉంది, పనితనం. కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా కదిలితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా) ఫోటోలు వేలల్లో వస్తాయి, వాటిని వేరు చేసే సాఫ్ట్‌వేర్ మీ కుర్రాళ్లు రెండు నెలల్లో రాసిస్తారు. వాచర్ల హాజరు, జీతం ఆలస్యం కాకుండా చూసే చిన్న యాప్ రాసివ్వండి. అకౌంట్లు ఆడిట్ చేసివ్వండి. బోర్లు, సోలార్ పంపులు, వాటి రిపేరు, రిపేరు అనే ముక్క కింద గీత గీయండి, కొత్తది కొనిచ్చేవాళ్లు బోలెడుమంది, పాడైంది బాగుచేసేవాళ్లు లేరు. ఇంకా మీకు మొక్కలే నాటాలని ఉంటే మీ క్యాంపస్‌లోనే నాటండి, పార్కింగ్ లాటు ఖాళీగా ఎండుతోంది చూశా.

మా కాలనీల వాళ్లని కూడా వదలను, ఎందుకంటే భాగస్వామ్యం అంటూ అడుగుతున్నాం కదా మనం ఏం చేస్తున్నాం మరి. గోడ అవతల చెత్త వేసేది మనమే, మిగిలిన అన్నం పెట్టి వీధి కుక్కల్ని గోడ పక్కన అలవాటు చేసేది మనమే, అవి గుంపుగా కంతలోంచి దూరితే జింక పిల్ల బతకదు. కాలనీ సంఘాలకి గోడ వెంట ఒక్కో కిలోమీటరు అప్పజెప్పండి, చెత్త పడితే మమ్మల్నే అడగండి. దానికి డబ్బులు అక్కర్లేదు.

సార్, ఇదంతా ఒకేసారి మూడు పార్కుల్లో మొదలుపెట్టమని అనట్లేదు. కేబీఆర్‌తో అస్సలు మొదలుపెట్టొద్దు, అక్కడ ఫ్లైఓవర్ల గొడవలోనే జనం నమ్మకం సగం పోయింది, ఏ కాగితం తెచ్చినా ముందు కోర్టుకే పోతుంది. హరిణ వనస్థలితో మొదలుపెట్టండి. గడ్డి నేల బాగుచేసే పని, వాచర్ల జీతాలు, గోడ కంతలు, ఈ మూడింటికే ఒక ఒప్పందం డ్రాఫ్టు రాయండి, సంతకాలు పెట్టకముందు 60 రోజులు జనం ముందు పెట్టండి, హయత్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఒక ఆదివారం మీటింగ్ పెట్టి పిలవండి. డ్రాఫ్టు ప్రింటు తీసి కాలనీల్లో పంచే ఖర్చు మాది, ఆ మీటింగ్‌కి కుర్చీలు, టీ కూడా మావే. కంపెనీ వాళ్లు బ్యానర్ మాత్రం తేవొద్దు.

ఇట్లు
వనస్థలిపురం వాసి ఒకడు